శస్త్రచికిత్సలో వర్చువల్, ఆగ్‌మెంటెడ్ రియాలిటీ

కంప్యూటర్ సృష్టించిన దృశ్యంలోకి మనిషి ప్రవేశించి, అక్కడి వస్తువులను తన చేతులతో కదిలించగలిగితే దాన్ని వర్చువల్ రియాలిటీ అంటారు. చుట్టూ ఉన్న అసలు ప్రపంచం కనిపిస్తూనే, దాని మీద కంప్యూటర్ గీసిన బొమ్మో గీతో అంకెలో కూడా కనిపిస్తే అది ఆగ్‌మెంటెడ్ రియాలిటీ. వాడుకలో మొదటిది వీఆర్, రెండోది ఏఆర్. వైద్యంలో వీటి పనులు వేరు. రోగి ఇంకా ఆపరేషన్ బల్ల ఎక్కకముందు వీఆర్‌తో అవసరం: సర్జన్ చేతికి సాధన, కష్టమైన ఆపరేషన్‌కు ముందస్తు పథకం దానితో సాగుతాయి. రోగి బల్ల మీద ఉన్నప్పుడు, చర్మం కింద ఏముందో చూపించడానికి ఏఆర్ పనికొస్తుంది. ఇవి కాక రోగే హెడ్‌సెట్ పెట్టుకునే సందర్భాలు కొన్ని ఉన్నాయి.

తలకు తగిలించుకునే కంప్యూటర్ తెరను అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ 1968లోనే తయారుచేశాడు. అది మెడ మోయలేనంత బరువు కావడంతో పైకప్పు నుంచి వేలాడదీయాల్సి వచ్చింది. సర్జన్లకు ఈ సాంకేతికతతో గట్టి అవసరం పడింది మాత్రం 1990ల్లో, లాప్రోస్కోపీ వ్యాపించాక. పొట్ట కోసి నేరుగా చూస్తూ చేసే ఆపరేషన్ స్థానంలో, చిన్న రంధ్రాల గుండా కెమెరాను, సన్నని పొడవాటి పరికరాలను పంపి టీవీ తెర చూస్తూ చేసే పద్ధతి వచ్చింది. ఈ పద్ధతిలో సర్జన్ కళ్ల ముందు ఉండేది ఎలాగూ తెర మీది బొమ్మే. ఆ బొమ్మ కెమెరా నుంచి వచ్చినా కంప్యూటర్ నుంచి వచ్చినా చేతులు చేసే పని ఒకటే. శస్త్రచికిత్సలో వీఆర్ ముందుగా లాప్రోస్కోపీలోనే కుదురుకోవడానికి కారణం ఇదే.

తెలుగు పల్లెల్లో లాప్రోస్కోపీ అంటే మొదట గుర్తొచ్చేది కుటుంబ నియంత్రణ ఆపరేషన్. డీపీఎల్ అని ఆసుపత్రుల్లో పిలిచే డబుల్ పంక్చర్ లాప్రోస్కోపీలో రెండు చిన్న రంధ్రాలుంటాయి. ముందుగా బొడ్డు దగ్గర సూది గుచ్చి పొట్టలోకి వాయువు నింపుతారు. దాంతో పొట్ట గోడ పైకి లేచి, లోపల చూడటానికి చోటు ఏర్పడుతుంది. బల్లను తల వైపు కిందికి వంచితే పేగులు పైకి జారి గర్భాశయం కనిపిస్తుంది. ఒక రంధ్రం నుంచి లాప్రోస్కోపు, రెండో రంధ్రం నుంచి రింగు వేసే పరికరం లోపలికి వెళ్తాయి. గర్భాశయానికి అటూ ఇటూ ఉన్న ఫెలోపియన్ నాళాన్ని పట్టుకుని, దాన్ని ఉచ్చులా పరికరం గొట్టంలోకి లాగి, చిన్న సిలికాన్ రింగు తొడుగుతారు. రెండో వైపూ అంతే. చేయి తిరిగిన సర్జన్‌కు ఇది నిమిషాల పని.

ఆ కొద్ది నిమిషాల్లోనే ప్రమాదాలు పొంచి ఉంటాయి. మొదటి సూది గుచ్చేటప్పుడు లోపల ఏముందో కనిపించదు. అది అదుపు తప్పితే పేగుకో పెద్ద రక్తనాళానికో తగలవచ్చు. నాళాన్ని గబుక్కున లాగితే దాన్ని అంటిపెట్టుకున్న పొర చిరిగి రక్తం కారుతుంది. గర్భాశయం పక్కనుంచే నాళంలా కనిపించే ఒక స్నాయువు కూడా వెళ్తుంది. తొందరలో నాళం అనుకుని దానికి రింగు వేస్తే, ఆపరేషన్ అయిన స్త్రీ మళ్లీ గర్భవతి అవుతుంది. అందుకే నాళాన్ని దాని కుచ్చులాంటి చివర దాకా చూసి పోల్చుకోవాలని నేర్పుతారు. ఈ జాగ్రత్తలు పుస్తకంలో చదివితే గుర్తుంటాయేమో గానీ చేతికి అబ్బవు.

తెర చూస్తూ పనిచేసే చేతికి ఇంకో చిక్కు ఉంది. పొట్ట గోడలోని రంధ్రమే పరికరానికి ఇరుసు. పడవలో తెడ్డులా, చేయి కుడికి కదిలితే లోపలి కొస ఎడమకు పోతుంది. చేయి పైకెత్తితే కొస కిందికి దిగుతుంది. తెర మీది బొమ్మలో లోతు తెలియదు. కణజాలం మెత్తదనం పొడవాటి కడ్డీ గుండా చేతికి అందీ అందనట్టుగా ఉంటుంది. ఈ తిరకాసు అలవాటయ్యేదాకా కొత్త సర్జన్ చేతులు తడబడతాయి. పిత్తాశయం తీసే ఆపరేషన్ లాప్రోస్కోపీకి మారిన తొలి ఏళ్లలో పిత్తవాహిక దెబ్బతిన్న సంఘటనలు పెరగడంతో ఈ తడబాటు ఎంత ప్రమాదకరమో ప్రపంచమంతా చూసింది. నేర్చుకునే దశలో చేసే తప్పుల భారం రోగి శరీరం మీద పడకుండా చూడటమే సిమ్యులేటర్ అసలు ప్రయోజనం. మిగతావన్నీ దాని తర్వాతే.

సిమ్యులేటర్‌లో అసలు పరికరాల్లాంటి పిడులే ఉంటాయి. వాటి ప్రతి కదలికను సెన్సర్లు కొలుస్తాయి. తెర మీద కనిపించే పిత్తాశయమో నాళమో ఆ కదలికకు తగ్గట్టు సాగుతుంది, తెగుతుంది, రక్తం కారుస్తుంది. ఖరీదైన యంత్రాల్లో చిన్న మోటార్లు పిడిని వెనక్కి నెట్టి, కణజాలాన్ని తాకినట్టు చేతికి అనిపించేలా చేస్తాయి. సాధన ముగిశాక యంత్రం లెక్క చెబుతుంది: పనికి పట్టిన సమయమెంత, పరికరం కొస ఎంత దూరం తిరిగింది, ఎన్నిసార్లు తాకకూడని చోట తాకింది. ఆపరేషన్ గదిలో సీనియర్ పక్కనుండి చెప్పగలిగేది ‘బాగుంది’, ‘ఇంకా నెమ్మదిగా’ లాంటి మాటలే. సిమ్యులేటర్ అదే తీర్పును అంకెల్లో ఇస్తుంది. వాటిని పట్టి నిపుణుల స్థాయి ఏమిటో ముందే కొలిచి, అక్కడికి చేరేవరకూ శిష్యుడిని ఆపరేషన్ గదిలోకి రానివ్వకుండా చూడవచ్చు.

ఈ సాధన అసలు ఆపరేషన్‌లో పనికొస్తుందా అన్న ప్రశ్నకు 2002లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి వెలువడిన పరిశోధన పేరుపొందిన జవాబు. శిక్షణలో ఉన్న 16 మంది సర్జన్లను రెండు జట్లుగా చీల్చారు. ఒక జట్టు మామూలు శిక్షణతో పాటు వీఆర్ యంత్రం మీద, నిపుణుల స్థాయికి చేరేదాకా సాధన చేసింది. ఆ తర్వాత అందరూ నిజమైన రోగుల్లో పిత్తాశయాన్ని కాలేయం నుంచి వేరుచేశారు. వీడియోలు చూసి మార్కులు వేసినవారికి ఎవరు ఏ జట్టో తెలియదు. వీఆర్ సాధన చేసినవారు పనిని 29 శాతం వేగంగా ముగించారు. సాధన లేనివారు పిత్తాశయాన్ని గాయపరిచే లేదా పక్క కణజాలాన్ని కాల్చే అవకాశం ఐదు రెట్లు ఎక్కువగా కనిపించింది. చిన్న పరిశోధనే అయినా దాని నిర్మాణం పకడ్బందీగా ఉండటం వల్ల, యంత్రం మీద నేర్చింది మనిషి మీద పనికిరాదన్న వాదనకు పెద్ద దెబ్బ తగిలింది.

ఖర్చు మాట వస్తే వీఆర్ కన్నా ముందు చెప్పుకోవాల్సింది బాక్స్ ట్రైనర్ గురించి. ఒక డబ్బా, దానికి రెండు రంధ్రాలు, లోపల చిన్న కెమెరా, ఎదురుగా తెర. సర్జన్ పట్టుకునేవి అసలు పరికరాలే. అమెరికాలో 2004 నుంచి నడుస్తున్న లాప్రోస్కోపీ ప్రాథమిక కోర్సులో మొదటి పాఠం దీని మీదే. ఒక పక్క మేకులకున్న ఆరు రబ్బరు ముక్కలను ఒక్కొక్కటిగా ఒక చేతి పరికరంతో తీసి, గాల్లోనే రెండో చేతికి మార్చి, అవతలి మేకులకు తగిలించాలి. అన్నీ అయ్యాక మళ్లీ వెనక్కి తేవాలి. గడువు 300 సెకన్లు. చూడటానికి పిల్లల ఆటలా ఉన్నా, చేతుల తిరకాసు ఇక్కడే విడిపోతుంది. కణజాలం ఎలా తెగుతుందో, రక్తం ఎలా కమ్ముకుంటుందో ఈ డబ్బా చూపించలేదు. ఆ మెట్టు నుంచి వీఆర్ అందుకుంటుంది.

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం పేరు ఈ చర్చలోకి రావడానికి కారణం ఒక విషాదం. 2022 ఆగస్టు 25న అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో 34 మంది మహిళలకు ఒకే రోజు డీపీఎల్ ఆపరేషన్లు జరిగాయి. ఆ తర్వాతి కొద్ది రోజుల్లోనే వారిలో నలుగురు చనిపోయారు. మిగతా 30 మందిని హైదరాబాద్‌లోని నిమ్స్, అపోలో ఆసుపత్రుల్లో ఉంచి వైద్యం చేయాల్సి వచ్చింది. ప్రాణాలు తీసింది ఇన్‌ఫెక్షన్ అని విచారణ తేల్చింది. చనిపోయినవారంతా చిన్నపిల్లల తల్లులు. ఆరోగ్యంగా ఆసుపత్రికి నడిచివచ్చి, ఏ జబ్బూ లేకుండా బల్లెక్కినవాళ్లు. ఇలాంటి ఆపరేషన్‌లో ఒక్క మరణమైనా సమర్థించుకోలేనిది.

కేంద్ర ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం మూడు లాప్రోస్కోపులున్న ఒక బృందం రోజుకు 30కి మించి ఈ ఆపరేషన్లు చేయకూడదు. ఆ అంకె వెనక లెక్క ఉంది. లాప్రోస్కోపును ఇతర పరికరాల్లా ఎప్పుడు పడితే అప్పుడు ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవ్‌లో పెట్టలేకపోవడంతో, ఒక రోగికీ మరో రోగికీ మధ్య గ్లూటరాల్డిహైడ్ ద్రావణంలో కనీసం 20 నిమిషాలు ముంచి, శుద్ధమైన నీటితో కడగాలి. ఒక్క లాప్రోస్కోపుతో 34 ఆపరేషన్లు చేయాలంటే ముంచి ఉంచే సమయమే 11 గంటల 20 నిమిషాలు అవుతుంది. మూడుంటే సుమారు నాలుగు గంటలు. సర్జన్ చేయి ఎంత వేగంగా తిరిగినా ఈ 20 నిమిషాలు తగ్గవు.

అందువల్ల ఇబ్రహీంపట్నం నుంచి నేర్చుకునే పాఠం చేతి నైపుణ్యానికి సంబంధించినది కాదు. నాళానికి రింగు వేయడం నేర్పే సిమ్యులేటర్ ఎంత గొప్పదైనా ఆ నలుగురిని కాపాడగలిగేదని చెప్పడానికి ఆధారం లేదు. వీఆర్ గురించి ఉత్సాహంగా రాసేవారు దాటవేసే విషయమిది. ఆపరేషన్ భద్రతలో సర్జన్ వేళ్లు ఒక భాగమైతే, పరికరాలు శుభ్రం చేసే నర్సు, ద్రావణం మార్చే సహాయకుడు, రోజుకు ఎందరినో నిర్ణయించే అధికారి మిగతా భాగాలు. సిమ్యులేటర్ల డబ్బంతా మొదటి భాగానికే పోతే మిగతావి ఎప్పటిలాగే ఉండిపోతాయి.

అయినా వీఆర్‌కు ఇక్కడ చేయగలిగిన పని ఉంది. సర్జన్ ఒక్కడికే గాక బృందం మొత్తానికి ఆపరేషన్ గదిని హెడ్‌సెట్‌లో నిర్మించవచ్చు. ఒక ఆపరేషన్ ముగిసింది, తర్వాతి రోగి తలుపు దగ్గర ఉంది, బయట ఇంకా ఇరవై మంది ఎదురుచూస్తున్నారు, ద్రావణంలో ముంచి 12 నిమిషాలే అయింది. నర్సు ఏం చేయాలి? సర్జన్ తొందరపెడితే ఏమని చెప్పాలి? ఈ ఘట్టాన్ని పదేపదే ఆడించి, ఎవరు ఏ మెట్టు దాటేశారో చూపించవచ్చు. నిజమైన గదిలో ఇలాంటి తప్పు చేసి నేర్చుకునే అవకాశం ఎవరికీ ఉండకూడదు. పైగా ఈ శిక్షణ తెలుగులో ఉండాలి. చిన్న ఆసుపత్రుల్లో పరికరాలు కడిగే సిబ్బంది పని మాటలు తెలుగువే. ఇంగ్లిష్‌లో మాట్లాడే అమెరికన్ ఆపరేషన్ గది బొమ్మ వారికి ఎంత చూపించినా తమ గదిలా అనిపించదు.

బృందంగా సాధన చేయడం విమానయానం నేర్పిన అలవాటు. 1929లో ఎడ్విన్ లింక్ తయారుచేసిన కదిలే కాక్‌పిట్ నుంచి నేటి సిమ్యులేటర్ల దాకా, పైలట్ తన తొలి ఇంజిన్ వైఫల్యాన్ని నేల మీదే ఎదుర్కొంటాడు. ఇబ్రహీంపట్నం మండలంలోనే ఉన్న ఆదిభట్లలో టాటా-బోయింగ్ కర్మాగారం అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారుచేస్తోంది. ఆ హెలికాప్టర్ నడిపే ఏ పైలట్టూ సిమ్యులేటర్ గంటలు పూర్తిచేయకుండా గాల్లోకి లేవడు. అదే రోడ్డు మీది ఆసుపత్రుల్లో కత్తి పట్టడానికి అలాంటి నిబంధన లేదు.

విమానయానం నుంచి కంటి ఆపరేషన్‌కు వచ్చిన దారి మరీ సూటిగా ఉంది. పైలట్ల శిక్షణ సంస్థ ఫ్లైట్‌సేఫ్టీని స్థాపించిన ఆల్ యూల్చి తన కుమారుడితో కలిసి 2010లో హెల్ప్‌మీసీ అనే సంస్థను ప్రారంభించాడు. శుక్లాల ఆపరేషన్‌ను సిమ్యులేటర్ మీద నేర్పడం దాని పని. అది ఎంచుకున్నది శుక్లాన్ని అల్ట్రాసౌండ్‌తో ముక్కలు చేసే ఖరీదైన ఫాకో యంత్రం అవసరం లేకుండా చిన్న కోతతో చేత్తో చేసే పద్ధతి. భారతదేశపు పల్లె శిబిరాల్లో ఎక్కువగా జరిగేది ఇదే. ఈ సంస్థకు ముంబైలో శిక్షణ కేంద్రం ఉంది. మన కంటి వైద్య విద్యార్థులు ఇప్పటిదాకా సాధన చేసింది ఎక్కువగా మేక కళ్ల మీద. మేక కన్ను చవకే గానీ దాని లెన్స్ పొర మనిషిదానిలా ప్రవర్తించదు.

కంటి విషయంలోనే వీఆర్‌కు గట్టి సాక్ష్యం దొరికింది. శుక్లం తీసేటప్పుడు లెన్స్ వెనక పొర చిరగడం కొత్త సర్జన్లు ఎక్కువగా చేసే తప్పు. బ్రిటన్‌లో శిక్షణ మొదటి, రెండో సంవత్సరాల వైద్యులు చేసిన 17 వేలకు పైగా ఆపరేషన్లను పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, ఐసీ అనే వీఆర్ సిమ్యులేటర్ అందుబాటులోకి వచ్చిన కాలంలో ఈ చిరుగు 4.2 శాతం నుంచి 2.6 శాతానికి తగ్గినట్టు తేలింది. సాధన యంత్రంలో మార్కులు పెరగడం వేరు, నిజమైన కళ్లు దెబ్బతినకుండా మిగలడం వేరు. రెండోది అంకెల్లో చూపగలిగిన అధ్యయనాలు ఇప్పటికీ కొద్దే. హైదరాబాద్‌లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో స్థాపించిన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ నుంచి ఏటా ఎందరో కంటి సర్జన్లు శిక్షణ పొంది వెళ్తున్నారు. ఇలాంటి కేంద్రాలున్న ప్రాంతానికి ఈ అంకెలు ఎంతో విలువైనవి.

అరుదైన ఆపరేషన్లకు వీఆర్ ఇంకోలా ఉపయోగపడుతుంది. రోగి సీటీ, ఎంఆర్‌ఐ స్కాన్ల నుంచి ఆ రోగి అవయవం త్రిమితీయ నమూనాను తయారుచేసి, సర్జన్లు దానిలోకే వెళ్లి చూస్తారు. తలలు అతుక్కుని పుట్టి హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో పెరిగిన అక్కాచెల్లెళ్లు తెలుగువారందరికీ తెలుసు. 2015లో లండన్ గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రి వైద్యులు వచ్చి వారిని పరీక్షించారు. ప్రాణాపాయం ఎక్కువ కావడంతో వేరుచేసే ఆపరేషన్ జరగలేదు. ఆ వైద్యుల్లో ఒకరైన ఒవాసీ జిలానీ 2022లో బ్రెజిల్ వైద్యులతో కలిసి, అలాగే పుట్టిన ఇద్దరు మగపిల్లలను రియో డి జెనీరోలో వేరుచేశారు. నెలల ముందు నుంచే లండన్, రియో బృందాలు ఒకే వర్చువల్ గదిలో కలుసుకుని ఆ మెదళ్ల నమూనాల మీద ఆపరేషన్‌ను ఆడి చూశాయి. మొత్తం ఏడు ఆపరేషన్లు, సుమారు వంద మంది సిబ్బంది. ఇద్దరు పిల్లలూ బతికారు. ఇద్దరి మధ్య రక్తనాళాలు పంచుకున్న తీరు ఒక్కో జంటలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి, రియోలో కుదిరింది హైదరాబాద్‌లోనూ కుదిరేదని అనడానికి వీల్లేదు.

ఏఆర్‌లో మొదటి పెద్ద సమస్య బొమ్మను సరైన చోట కూర్చోబెట్టడం. స్కాన్‌లో కనిపించిన ఎముక, బల్ల మీది రోగి ఎముక మీద మిల్లీమీటర్ తేడా లేకుండా కనిపించాలి. ఇందుకోసం రోగి ఎముకకు ఒక గుర్తును బిగిస్తారు; కెమెరా దాన్ని వెంటాడుతూ, సర్జన్ తల కదిలినప్పుడల్లా బొమ్మను సరిచేస్తుంది. ఇది బాగా కుదిరింది వెన్నెముకలో. పూసల్లో స్క్రూలు బిగించే ఆపరేషన్‌లో కొన్ని మిల్లీమీటర్లు తప్పితే వెన్నుపాముకు ముప్పు. 2020 జూన్‌లో జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రి సర్జన్లు ఆగ్‌మెడిక్స్ హెడ్‌సెట్ పెట్టుకుని, రోగి వీపు మీదే వెన్నుపూసలు కనిపిస్తుండగా స్క్రూలు బిగించారు. అంతకుముందు ఆ బొమ్మ కోసం చూపు తిప్పి పక్కనున్న తెరను చూడాల్సి వచ్చేది.

ఎముక గట్టిది కాబట్టి బొమ్మ నిలిచింది. కాలేయం ఊపిరితో పాటు కదులుతుంది. పుర్రె తెరిచిన మరుక్షణం మెదడు కొంత కుంగుతుంది. ఉదయం తీసిన స్కాన్ మధ్యాహ్నానికి పాతబడుతుంది. మెత్తని అవయవాల్లో ఏఆర్ ఇంకా వెనకబడి ఉండటానికి ఇదే కారణం. కళ్ల అలసట ఇంకో ఇబ్బంది. మైక్రోసాఫ్ట్ ఏఆర్ హెడ్‌సెట్ హోలోలెన్స్ బొమ్మను సుమారు రెండు మీటర్ల దూరంలో ఉన్నట్టు చూపుతుంది, సర్జన్ చేతులేమో అర మీటరు లోపలే ఉంటాయి. కళ్లు రెండు దూరాల మధ్య ఊగులాడి నొప్పి పుట్టిస్తాయి. బొమ్మ మీదే మనసు లగ్నమైతే ఎదురుగా కారుతున్న రక్తం కంటబడకపోవచ్చు కూడా. యాపిల్ విజన్ ప్రో హెడ్‌సెట్ వచ్చాక 2024లో చెన్నైలోని జెమ్ ఆసుపత్రి సర్జన్లు లాప్రోస్కోపీ తెరను, స్కాన్లను అందులోనే చూస్తూ ఆపరేషన్లు చేశారు. అవయవం మీద బొమ్మ అతికించే పని కన్నా ఇది తేలిక. సర్జన్ మెడకు సుఖం కూడా.

రోగి తలకు హెడ్‌సెట్ పెట్టే పద్ధతుల్లో పాతది స్నోవరల్డ్. సియాటెల్‌లో హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ 1990ల్లో కాలిన గాయాల రోగుల కోసం రూపొందించారు. కట్టు మార్చేటప్పుడు రోగి మంచు లోయలో ఎగురుతూ మంచు ఉండలు విసురుతాడు. మనసు అక్కడ చిక్కుకుపోవడంతో నొప్పి వైపు మళ్లే ధ్యాస తగ్గుతుంది. తెగిన చేయి ఇంకా ఉన్నట్టే అనిపించి బాధపెట్టే నొప్పికి, తెర మీద ఆ చేతిని తిరిగి చూపించి కదిలించే ఏఆర్ చికిత్సను 14 మందిపై పరీక్షించి 2016లో ప్రచురించారు. నొప్పి సగం మేర తగ్గింది. వెన్నునొప్పికి ఇంట్లోనే వాడుకునే ఒక వీఆర్ పరికరానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2021 నవంబరులో అనుమతి ఇచ్చింది. కొందరికి హెడ్‌సెట్ పెట్టగానే కడుపులో తిప్పుతుంది. కళ్లు కదలిక ఉందంటే, లోపలి చెవి లేదంటుంది. అలాంటివారికి ఈ చికిత్స పనికిరాదు.

తెలంగాణలో సిమ్యులేటర్ శిక్షణ ఇప్పుడు మరింత అత్యవసరమైంది. 2022 నవంబరులో ఒకే రోజు ఎనిమిది, 2023 సెప్టెంబరులో ఒకే రోజు తొమ్మిది ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. 2019 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త వైద్య విద్యా విధానం ప్రతి కళాశాలలో స్కిల్స్ ల్యాబ్ తప్పనిసరి చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో రాజానగరంలోని జీఎస్‌ఎల్ వైద్య కళాశాల స్మార్ట్ ల్యాబ్ పేరుతో విడిగా ఒక సిమ్యులేషన్ కేంద్రం నడుపుతోంది. కొత్త కళాశాలల్లో ల్యాబ్ అంటే తాళం వేసిన గదిలో నాలుగు బొమ్మలు అన్నట్టు కాకుండా ఉండాలంటే, సాధన గంటలు విద్యార్థి రికార్డులో చేరాలి. మొదటి డీపీఎల్‌కు ముందు బాక్స్ ట్రైనర్ మీద ఉత్తీర్ణత చూపాలి. ఆ ల్యాబ్ తలుపులు సమీపంలోని ఏరియా ఆసుపత్రుల నర్సులకూ తెరవాలి.

హెడ్‌సెట్లు కొనేముందు ఒక సంగతి గమనించాలి. మైక్రోసాఫ్ట్ 2024 అక్టోబరులో హోలోలెన్స్ 2 తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. దాని మీదే శరీర నిర్మాణ పాఠాలు రాసుకున్న కళాశాలలు వేరే పరికరం వెతుక్కోవాల్సి వచ్చింది. పాఠం ఒక కంపెనీ హెడ్‌సెట్‌కు కట్టుబడి ఉంటే ఆ కంపెనీతోనే పోతుంది. నమూనాలను, వ్యాయామాలను ఏ పరికరంలోనైనా తెరుచుకునే రూపంలో అడిగి తీసుకోవడం కొనుగోలు ఒప్పందంలోనే రాయించుకోవాలి.